లక్ష్మివారం ఇచ్చిన పాస్‌పోర్టు

రాజాంలో ఆ సందులోకి స్కూటీ తిప్పానో లేదో, ఎదురుగా ధాన్యం లారీ వచ్చి నా ముక్కు మీద ఆగింది. పొద్దున్నే నాకు కోపం రావడానికి ఆ మాత్రం చాలు.

"ఒరే, కళ్ళు నెత్తికెక్కినాయేటి? ఎనక్కి తియ్యి!"

"లోడు బండి తల్లీ, ఎనక్కెలగ తీస్తాను? నువ్వే ఆ పక్కకి జరుగు," అన్నాడు డ్రైవరు, బీడీ తీయకుండానే.

నేను తిట్టినవన్నీ ఇక్కడ రాస్తే ఈ పుస్తకాన్ని ఇంట్లో ఎవరూ ఉంచుకోరు. తిట్టి తిట్టి చివరికి స్కూటీని నేనే కాలవ అంచుకు నెట్టి దారి ఇచ్చాను. లారీ బంపరుకు పసుపు బొట్లు. అప్పుడే కొట్టిన కొబ్బరికాయ నీళ్ళతో ముందు టైరు తడిసి ఉంది. మీద టార్పాలిన్ కప్పి తాళ్ళు బిగించిన బస్తాలతో అది నన్ను రాసుకుంటూ పోయింది. తిట్టిన బండి నంబరు చూసుకోవడం నాకు పాత అలవాటు. చూసుకున్నాను.

"పోనీండి మేడమ్," అంది వెనక కూర్చున్న సింధూరి.

"పోనిచ్చాను కదా!" అని ఆ పిల్ల మీదా అరిచాను.

నా పేరు రాజకుమారి. పోలీసు ఉద్యోగం వదిలేసి శ్రీకాకుళంలో డిటెక్టివ్ ఏజెన్సీ నడుపుతున్నాను. ఎక్కువగా పెళ్ళికొడుకుల గుట్టు విప్పే పని. సింధూరి రాజాం కాలేజీలో బీఫార్మసీ చదువుతోంది. నిన్న మధ్యాహ్నం నా ఆఫీసుకొచ్చి, ఏడుపు దిగమింగుకుంటూ ఒక ఫోటో చూపించింది. అందులో ఉన్న అమ్మాయి నీమా, టాంజానియా నుంచి చదువుకోడానికి వచ్చిన పిల్ల, సింధూరి క్లాస్‌మేట్. పరీక్షలైపోయాయని, మన చలికాలపు ఎండ బాగుందని, గురువారం ఒక్కర్తే బస్సెక్కి పాత చోట్లు చూడ్డానికి బయల్దేరింది. శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలు, దారిలో కనబడిన పాత దిబ్బలు, తర్వాత శ్రీకూర్మం. మధ్యాహ్నం శ్రీకూర్మం నుంచి ఒక ఫోటో పంపింది. అంతే. తర్వాత ఫోన్ మూగబోయింది.

నిన్న సాయంత్రం సింధూరిని తీసుకుని రాజాం సీఐ యుగంధర్ దగ్గరకు వెళ్ళాను. నా ఒంట్లో రక్తం మరగడం అక్కడ మొదలైంది, ఇంకా చల్లారలేదు.

"ఆ అమ్మాయి పాస్‌పోర్టు అద్దెకున్న ఇంటివాళ్ళ దగ్గర దాచుకుందట. గురువారం పొద్దున్నే అడిగి తీసుకుని వెళ్ళిందట. పాస్‌పోర్టు చేతిలో ఉన్న విదేశీ పిల్ల కనబడలేదంటే ఏమిటర్థం? వెళ్ళిపోయిందని. వీళ్ళంతా ఇంతే రాజకుమారీ," అన్నాడాయన. ఇంటివాళ్ళ అబ్బాయి విజయ్‌కుమార్ ఇచ్చిన వాంగ్మూలం నా ముఖం మీద ఆడించాడు. చెక్‌పోస్టులకు కబురు లేదు, వెతకడానికి ఒక్క కానిస్టేబుల్ లేడు. పాస్‌పోర్టు ఆ పిల్ల చేతిలో ఉంటే పారిపోయిన పిల్ల, లేకపోతే ఎవరో ఎత్తుకుపోయిన పిల్ల. బతికుందో లేదో తెలియని మనిషి ప్రాణం ఒక చిన్న పుస్తకం మీద వేలాడుతోంది, ఈయన టీ తాగుతున్నాడు.

అందుకే ఈ శనివారం పొద్దున్న ఆ ఇంటికి బయల్దేరాను.

ముందు ధాన్యం కొట్టు, వెనక ఇల్లు, మేడ మీద నీమా గది. తలుపు తీసినావిడ మహాలక్ష్మమ్మ. భర్త పోయాక కొట్టునీ కొడుకునీ ఒంటిచేత్తో నిలబెట్టిందని సందంతా చెప్పుకుంటుందట. నుదుట విభూతి, బొడ్లో తాళాల గుత్తి, ముఖంలో నవ్వు లేదు.

"ఏటి కావాల?"

"నీమా గది చూడాలమ్మా."

"ఆ గుంట లేదు. పొద్దున్నే ఎల్లిపోనాది, మళ్ళీ రానేదు." పాఠం అప్పజెప్పినట్టు గబగబా చెప్పింది. ఏ రోజు పొద్దున్న అని నేనింకా అడగనేలేదు.

వెనకనుంచి కొడుకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో పెద్ద ఫోను. "మీరెవరు? పోలీసులా? వారెంటు ఉందా?"

"నేను పోలీసుని కాదు బాబూ. అందుకే వారెంటు అక్కర్లేదు. మీ అమ్మగారు రానిస్తే వస్తాను, పొమ్మంటే పోతాను. పోయి ఈ సందు మొగలో నిలబడి అందరికీ వినబడేలా అడుగుతాను."

మహాలక్ష్మమ్మ నావైపు ఒకసారి, సింధూరి ఏడుపు మొహంవైపు ఒకసారి చూసింది. "సూసుకోనీరా. ఆ పిల్ల బట్టలు తప్ప అక్కడేటున్నాయి," అని గుత్తి లోంచి ఒక తాళంచెవి తీసి ఇచ్చింది. విజయ్‌కుమార్ అప్పుడే ఫోన్ చెవిన పెట్టుకున్నాడు. ఎవరికో నాకు తెలుసు.

గది శుభ్రంగా ఉంది. మంచం, పుస్తకాలు, గోడకి తగిలించిన స్వెట్టరు. బీరువాలో బట్టలన్నీ ఉన్నాయి. సముద్రం దాటి పోయే పిల్ల ఒక్క జత బట్టలైనా తీసుకోదా? ఈ మాట యుగంధర్‌తో అంటే "హడావుడిలో వెళ్ళింది" అంటాడు. ఆయన దగ్గర ప్రతిదానికీ జవాబుంటుంది. పని మాత్రం ఉండదు.

కిటికీ గూట్లో కాల్చిన తేగల కట్ట కనబడింది. ఈ చలిలో మా జిల్లాల్లో తేగలు లేని ఇల్లుండదు, అందుకే ఎవరి కళ్ళూ దాని మీద ఆగవు. నా కళ్ళూ దాటిపోయేవే, దానికి కట్టిన ఆకుపచ్చ రిబ్బను లేకపోతే.

"సింధూరీ, శ్రీకూర్మం నుంచి వచ్చిన ఫోటో తియ్యి."

గుడి ముందు నీమా నవ్వుతోంది. చేతిలో తేగలు. కట్టిన తాటినార తెగిపోయిందేమో, తన జడ రిబ్బను ఒకటి విప్పి కట్టింది. ఒక జడకు ఆకుపచ్చ రిబ్బను ఉంది, రెండో జడకు లేదు.

"మేడమ్!" అంది సింధూరి.

"అరవకు. విజయ్‌కుమార్, ఒకసారి లోపలికి రా నాయనా. నీమా గురువారం పొద్దున్న వెళ్ళి తిరిగి రాలేదన్నావు కదూ?"

"అవును."

"మరి మధ్యాహ్నం శ్రీకూర్మంలో కొన్న తేగలు ఈ గూట్లోకి ఎలా నడిచొచ్చాయి?"

గూటివైపు ఒకసారి చూశాడు. వెంటనే తేరుకున్నాడు. "తేగలు రాజాంలో దొరకవేటి? మా అమ్మ పెట్టుంటాది."

"తేగలు దొరుకుతాయి. ఈ రిబ్బను దొరకదు."

"అదీ దొరుకుతుంది. ఫ్యాన్సీ షాపుల్లో బోలెడు," అని గుమ్మంలోంచి ఒక గొంతు పలికింది. సీఐ యుగంధర్ టోపీ తీసి చంకలో పెట్టుకుని నిలబడి ఉన్నాడు, వెనక ఒక కానిస్టేబుల్. "రాజకుమారీ, ఆడపిల్లల జడ రిబ్బన్లు పట్టుకుని కేసు కడతావా? నేను కోర్టులో జడ్జిగారికి తేగలు తినిపించాలా?"

"మీరు జడ్జిగారికి ఏం తినిపిస్తారో నాకు అనవసరం సీఐ గారూ. ఆ పిల్ల తిరిగొచ్చింది. ఇంటికొచ్చి, మేడెక్కి, ఇవి ఇక్కడ పెట్టింది. ఆ తర్వాత కనబడకుండా పోయింది. అంటే ఈ ఇంట్లోంచి పోయింది."

"వచ్చిందే అనుకో. వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. పాస్‌పోర్టు చేతిలో ఉంది. నువ్వు కానిస్టేబుల్‌గా ఉన్నప్పుడూ ఇదే జబ్బు, ప్రతి తప్పిపోయిన పిల్లా నీ చెల్లెలే. ఊరి పరువున్న కుటుంబాన్ని వేధిస్తున్నావని నీ మీద నేనే కేసు పెట్టగలను. దిగు కిందికి."

నా చెయ్యి ఎక్కడ ఆయన చెంప మీదికి పోతుందోనని రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాను. కూడబలుక్కుని వచ్చారిద్దరూ. ఒకడు అబద్ధం చెబుతాడు, ఇంకొకడు దానికి స్టాంపు వేస్తాడు. ఎక్కడో దూరదేశంలో ఒక తల్లి ఫోన్ పట్టుకుని కూర్చుని ఉంటుంది, ఆవిడకి ఈ పెద్దమనిషి చెప్పే జవాబు "వీళ్ళంతా ఇంతే."

కోపంతో మెట్లు దబదబా దిగుతున్నాను. కింద హాల్లోకి అడుగు పెట్టబోయి కాలు ఆపేశాను.

గుమ్మం దగ్గర్నుంచి దేవుడి గది దాకా బియ్యప్పిండితో వేసిన చిన్న చిన్న పాదాలు. రెండు రోజుల కిందటివి, అక్కడక్కడ చెరిగిపోయాయి. అన్నీ లోపలికే నడుస్తున్నాయి. గడపకి ఎండిన పసుపు, మామిడాకుల తోరణం. దేవుడి గదిలో లక్ష్మీదేవి పటం ముందు వాడిన చేమంతులు.

నా మతిమరుపు మీద నాకే మండింది. మాది శృంగవరపుకోట దగ్గర పల్లె. మా అమ్మ కూడా చేసేది ఈ మార్గశిర లక్ష్మివారం నోము. మా వైపు గురువారాన్ని లక్ష్మివారమనే అంటారు. నిన్న స్టేషన్లో "గురువారం" అని కాగితం మీద చదివితే నా బుర్రకి ఎక్కలేదు. యుగంధర్‌ది కృష్ణా జిల్లా, ఆయనకి ఎక్కదు. విజయ్‌కుమార్ ఈ ఇంట్లోనే పుట్టాడు గానీ, అమ్మ చేసే నోముల్లో ఏముంటుందో ఏ కొడుకు పట్టించుకున్నాడు గనక!

"సీఐ గారూ, ఆ వాంగ్మూలంలో పాస్‌పోర్టు ఎవరిచ్చారని ఉంది? మళ్ళీ ఒక్కసారి చెప్పండి."

"ఎన్నిసార్లు చెప్పాలి? 'టిక్కెట్ల దగ్గర విదేశీయుల్ని పాస్‌పోర్టు అడుగుతారేమోనని ఆమె కోరగా, మా తల్లిగారు ఇనప్పెట్టె తెరిచి ఇచ్చారు.' చాలా?"

"అది ఆవిడ వినేలా చెప్పండి."

"అమ్మనెందుకు లాగుతారు?" అంటూ విజయ్‌కుమార్ అడ్డం వచ్చాడు. "అమ్మకి బీపీ. అమ్మా, నువ్వు వంటింట్లోకి ఎల్లు."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. నేను అతన్ని భుజంతో పక్కకి నెట్టి మహాలక్ష్మమ్మ ముందు నిలబడ్డాను.

"మహాలక్ష్మమ్మ గారూ, మార్గశిర లక్ష్మివారం పొద్దున్న మీరు ఇనప్పెట్టి తెరిచి, లోపలున్న నీమా పాస్‌పోర్టు తీసి బయటికి ఇచ్చారట. మీ అబ్బాయి పోలీసుల దగ్గర సంతకం పెట్టి మరీ చెప్పాడు."

ఆవిడ ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత ముఖం ఎర్రబడింది.

"ఏటీ? నానిచ్చానా? లచ్చివారం పూటా?"

"అమ్మా, నువ్వు మర్చిపోనావు..."

"నోరు ముయ్యిరా! నాను మర్చిపోనానా? లచ్చివారం ఇల్లలికి ముగ్గెట్టినాక నా ఇంట్లోంచి సూది బయటికెల్లదు! పక్కింటి ధనలక్ష్మి తోడుకి మజ్జిగ సుక్క ఎట్టమంటే రేపు రాయే అని పంపీసినాను. పెసాదం కూడా గుమ్మం దాటనివ్వను. అలాటిది ఇనప్పెట్టి తీసి ఇచ్చానంటావా? లచ్చిందేవిని నా సేత్తో బయటికి గెంటీసినానని రాసిచ్చినావేట్రా, సచ్చినోడా!"

ఇల్లు దద్దరిల్లింది. ఇందాక పాఠం అప్పజెప్పిన మనిషి ఈవిడేనా అనిపించింది. కొడుకు కోసం ఒక చిన్న అబద్ధం ఆడింది, ఇంకో నాలుగైనా ఆడేదేమో. నోము తప్పానన్న మాట మాత్రం ఆవిడ నోట రాదు.

"అయితే పాస్‌పోర్టు ఎక్కడుందమ్మా?"

"ఎట్టిన కాడే ఉంటాది!"

బొడ్లో గుత్తి తీసింది. విజయ్‌కుమార్ ముందుకు ఉరికాడు. కానిస్టేబుల్ రెక్క పట్టుకుని ఆపాడు. సీఐ చెప్పకుండానే ఆపాడు, అతనూ ఈ జిల్లా మనిషే. పెట్టె కిర్రుమంది. నగల డబ్బా కింద, పట్టు రవిక గుడ్డలో చుట్టిన పొట్లం. విప్పితే నీలం అట్ట పుస్తకం, లోపల నీమా ఫోటో.

యుగంధర్ దాన్ని చేతిలోకి తీసుకుని తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

"జడ్జిగారికి ఇది తినిపించండి," అన్నాను.

"నిన్న నన్ను తాళాలడిగినాడు," అంది మహాలక్ష్మమ్మ కొడుకునే చూస్తూ. గొంతు తగ్గింది. "సుక్కురోరం నాడు ఇవ్వను, రేపు సూద్దాం అన్నాను. ఎందుకురా అడిగినావు? కాల్చీడానికా?"

"అమ్మా, నువ్వు ఊరుకో!"

"ఊరుకునుంటే నీకు తిండి ఎలగ పెట్టుదునురా నానా?"

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. "లక్ష్మివారం సాయంత్రం నీమా ఇంటికొచ్చింది. అవునా?"

కొడుకువైపు చూసింది. తాళాల గుత్తి వైపు చూసింది. చెప్పేసింది.

"ఒచ్చినాది. నవ్వుకుంటా మేడెక్కినాది. ఈడు పొద్దుగూకే ఏళకి ఓ రాతి బొమ్మ తెచ్చినాడు, బుద్ధుడిదంట, సంటిపిల్లంత ఉంటాది. లచ్చివారం ఇంటికి దేవుడొచ్చినాడని పసుపు రాసి బొట్టెట్టినాను. అంతలో ఆ గుంట మేడ దిగి, బొమ్మని సూసి, ఫోన్ తీసి ఈడికి సూపించినాది. 'పొద్దున్న శాలిహుండం కాడ దిబ్బ మీద ఇది సూసినాను, ఫోటో తీసినాను, ఇది ఇక్కడికెలగ వచ్చినాది' అని. ఈడు, గోడౌన్లో కూకోని మాటాడుకుందాం రా అని తీసుకెల్లినాడు."

"తర్వాత?"

"తరవాత మళ్ళీ సూడనేదు. విశాపట్నం ఫ్రెండ్స్ కాడికి పోనాదన్నాడు. పోలీసులడిగితే పొద్దున్నే పోయిందని సెప్పు, నేకపోతే వీసా గొడవలొస్తాయి, ఆ పిల్లకే ఇబ్బంది అన్నాడు. ఆ పిల్లకే ఇబ్బందన్నాడని సెప్పినానమ్మా!"

నేను అప్పటికే పరుగెడుతున్నాను. గోడౌన్ సందు చివర. తలుపు బార్లా తెరిచి ఉంది, లోపల ఖాళీ. నేల మీద రాలిన ధాన్యం, మూల తాళ్ళ ముక్కలు, తడి గుడ్డ ముద్ద, మూత తీసి పడేసిన నీళ్ళ సీసా, ఇడ్లీ పొట్లాలు. ఆ పొట్లాల పక్కన రెండో ఆకుపచ్చ రిబ్బను. రెండు రోజులు ఆ పిల్లని ఇక్కడ కట్టిపడేశాడు, నూరడుగుల దూరంలో తల్లి లక్ష్మికి హారతిచ్చింది.

రిబ్బను పిడికిట్లో పట్టుకుని తిరిగొచ్చాను. యుగంధర్ విజయ్‌కుమార్ కాలర్ పట్టుకుని ఊపుతున్నాడు. ఇప్పుడొచ్చింది ఆయనకి పౌరుషం.

"ఎక్కడుంది చెప్పరా!"

నేను తల్లివైపు తిరిగాను.

"అమ్మా, ఆ రాతి బొమ్మ ఎక్కడ?" అని అడిగాను.

"లారీలో. బస్తాల మజ్జిన ఎట్టించినాడు. ఆ రేత్తిరే రాయగడ పంపీస్తానన్నాడు. లచ్చివారం ఇంటికొచ్చిన దేవుడిని ఆ రేత్తిరే బయటికి తోలేస్తావా అని నాను లారీకి అడ్డంగా నిలబడిపోనాను. నిన్న సుక్కురోరం, నిన్నా కదలనివ్వనేదు. ఈయేళ..."

ఆగిపోయింది. నాకు సందులోని కొబ్బరినీళ్ళు, తడి టైరు, టార్పాలిన్ కళ్ళ ముందు తిరిగాయి. స్కూటీని కాలవ అంచుకి నెట్టి దారి ఇచ్చింది నేనే.

"సీఐ గారూ, లారీ నంబరు నా దగ్గరుంది. పార్వతీపురం రోడ్డున ఒడిశా వైపు పోతోంది. వైర్‌లెస్ తియ్యండి, బేగి!"

ఆయన మారుమాట్లాడకుండా రాసుకుని జీపు వైపు ఉరికాడు. సరిగ్గా అప్పుడే విజయ్‌కుమార్ జేబులో ఫోన్ మోగింది. లాక్కుని స్పీకర్ పెట్టాను. ఇంజిన్ చప్పుడు, దాని మీద బీడీ డ్రైవరు గొంతు.

"బాబూ, బస్తాల మజ్జిన ఇందాకటిదాకా ఏటో తంతన్నట్టు సప్పుడొచ్చినాది. ఇప్పుడు ఆగిపోనాది. బండాపి సూడమంటారా, పోనీమంటారా?"

"ఆపు! ఆపి తాళ్ళు కొయ్యి!" అని అరిచాను.

"పోనీ! ఆపకు!" అని నాకంటే పెద్దగా అరిచాడు విజయ్‌కుమార్, కానిస్టేబుల్ నోరు మూసేలోపు. అవతల ఎవరి మాట వినబడిందో తెలియదు. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

సింధూరి నా కొంగు పట్టుకుని వెంట వచ్చింది. వెళ్ళి స్కూటీ స్టార్ట్ చేశాను. మహాలక్ష్మమ్మ వీధిలోకి వచ్చి, రోడ్డు మీద పగిలి పడున్న కొబ్బరిచిప్పల ముందు కూలబడింది. ఆవిడ ఏడవడం లేదు. తన కుడిచేతిని ఎడమచేత్తో కొట్టుకుంటోంది.

"రెండు రోజులు నానే ఆపినానమ్మా. ఈయేళ నా సేత్తో నానే కొబ్బరికాయ కొట్టి పంపీసినాను."